ఐదుకీ ఐదున్నరకీ మధ్య

మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి మూడే. దుకాణంలో సరుకు పట్టీలు రాసుకునే పాత కంప్యూటరు ఒకటి. పత్రిక అట్టకి జిగురుతో అంటించి వచ్చిన సీడీలో ఉచితంగా దొరికిన సింథసైజరు ఒకటి. అంటే ఒళ్లో పెట్టుకునే వాయిద్యం కాదు, కంప్యూటరు తెర మీద బొమ్మలా కనబడి స్పీకర్లలోంచి మోగేది. మూడోది పాట రాని చెవి. ముప్పై ఏళ్లు హార్మోనియంలు అమ్మాను, విప్పాను, బిగించాను, ఒక్క కీర్తనా తిన్నగా పాడలేను. ఈ మూడూ పెట్టుబడిగా పెట్టి ఇప్పుడు, మా తాతలు చెరకు కోతకి ఓడెక్కి వచ్చిన జూలూల గడ్డ మీద, ఫీనిక్స్‌లో మా భజన హాల్లో, వేదిక మీద, మడత బల్ల ముందు కూర్చున్నాను. భజన పదకొండింటికి. గోడ గడియారంలో పదీ ఐదు. వెనక వంటగదిలో నా భార్య వల్లీ వడలకి పిండి కలుపుతోంది. ఆమె పాడక మూడేళ్లయింది. ఇవాళ పాడుతుందో లేదో తేలడానికి ఇంకా యాభై ఐదు నిమిషాలుంది. పొద్దున రెడ్‌హిల్‌లో ఇంటి దగ్గర కారెక్కుతూ అడిగితే "చూద్దాం" అంది. దుకాణంలో "చూద్దాం" అని మెట్లు దిగినవాళ్లు పదిమందిలో ఒక్కరు తిరిగొస్తారు, ఆ ఒక్కరూ వాన పడితేనే.

ఎదురు గోడ మీద కాగితపు బాణాలు ఇంకా అలాగే ఉన్నాయి, ఓటు వేసేవాళ్లు ఇటు అని. ఎన్నికలై పదకొండు రోజులైంది, ఎవరూ పీకలేదు. నా ఎడమ బొటనవేలి గోటి మీద సిరా కూడా పోలేదు. ఈసారి గంటలో వేసి వచ్చేశాం. తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ మొదటిసారి ఓటు వచ్చిన తొంభైనాలుగులో అయితే ఆరు గంటలు నిలబడ్డాం. మా ముందు ఒక జూలూ ముసలమ్మ, అందరం గోగో, అంటే అమ్మమ్మ, అన్నాం, మోకాళ్లు పట్టేసి నిలబడలేకపోతుంటే మా వదిన కెస్సీ ఎక్కడి నుంచో పాలసీసాల పెట్టె తెచ్చి తిరగేసి కూర్చోబెట్టింది. ఎండ. నీళ్లు అయిపోయాయి. ఎవరో గొడవకి దిగేలా ఉన్నారు. అప్పుడు వల్లీ పాడింది. ఎవరూ అడగలేదు, మా అత్తగారు చెరకు తోటల్లో కూలీలుండే బారకాసుల్లో పాడుకునే రాముడి పాట, నోట్లో నోట్లోనే మొదలుపెట్టి మెల్లగా పైకి తెచ్చింది. రెండో చరణానికి గోగో కింద నుంచి ఒక లావు స్వరం పట్టింది. మాటలు తెలీవు, భాష తెలీదు, కానీ ఇంటికి దూలం వేసినట్టు వేసింది. వరస మొత్తం నెమ్మదించింది. ఆ రోజు వల్లీ గొంతు తప్పిందని ఎవరూ అనలేదు. ఆ రోజు అక్కడ హార్మోనియం లేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు ఐదేళ్లు పట్టింది, నేను తెలివైన వ్యాపారినని ఊళ్లో పేరు.

తెర మీద సింథసైజరు బూడిద రంగు పలకలా ఉంది, ఎనిమిది గుండ్రటి మీటలు, అడుగున నిలువు గీత మీద జరిగే ఒక చిన్న ముక్క. ఆ ముక్క మీదే నా బతుకంతా. దాన్ని పట్టుకుని కిందికి లాగితే శ్రుతి దిగుతుంది, కానీ హార్మోనియంలో లాగా ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దూకదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న చోటుని వంద ముక్కలు చేసి ఒక్కో ముక్కే దిగనిస్తుంది. హార్మోనియంలో ఆ వీలు లేదు. ఆడవాళ్లు మామూలుగా ఐదు మీదో ఐదున్నర మీదో పాడతారు. ఐదు తెల్ల మెట్టు, దాని పక్క నల్ల మెట్టు ఐదున్నర. రెంటి మధ్య ఏముందంటే గోరు కూడా పట్టని సందు. మూడేళ్లుగా నా భార్య ఆ సందులో పడి ఉంది.

పడేసింది నేనే. చెప్పుకోవాలంటే వరసగా చెప్పుకోవాలి. మా భజనకి ఒక నల్ల హార్మోనియం పెట్టె ఉండేది, వల్లీ తాతగారిది, ఇక్కడి తెల్లవాళ్ల వర్ణభేదానికి కోపగించి ఇండియా ఈ దేశంతో వ్యాపారం మానుకోక ముందు ఓడలో వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్ల పైచిలుకు అక్కణ్ణుంచి నేరుగా ఏదీ రాలేదు. అగరొత్తులు కూడా మారిషస్ మీదుగానో సింగపూర్ మీదుగానో పేరు మార్చుకుని దొంగల్లా వచ్చేవి. తొంభైనాలుగులో తలుపులు తెరుచుకున్నాయి. డిసెంబరులో కలకత్తా నుంచి నేరుగా నా పేరు మీద మొదటి పెట్టె దిగింది, గడ్డిలో చుట్టిన హార్మోనియం, ఎర్రటి తిత్తి, ముట్టుకుంటే కొత్త వార్నిషు వాసన. ఇండియా నుంచి వచ్చిందంటే అదే సరైనదని అందరం అనుకున్నాం, పూజారి అన్నాడు, నేనన్నాను. నల్ల పెట్టెని నా దుకాణం వెనక గదిలోకి నెట్టి కొత్తదాన్ని వేదిక ఎక్కించాం. ఆ రోజు నుంచీ వల్లీ పాడితే ఏదో ఒకటి ఒరుసుకుంటున్నట్టు ఉండేది, కొత్త చెప్పు మడమ కొరికినట్టు. హార్మోనియం వాయించేది ఆమె తమ్ముడు సూబ్రాయన్. ఖర్వాస్తాన్‌లో మా బంధువు ఐవన్ కూతురి పెళ్లిలో, మైకు ముందు, మూడొందల మంది వింటుండగా, "అక్కా, మీదికి రా! మీదికి రా, అక్కా!" అని అరిచాడు, మేకని తోలినట్టు. వల్లీ మీదికి వచ్చింది, గొంతు చిట్లింది, ఆపేసింది. అంతవరకే అయితే తట్టుకునేదేమో. తిరిగి వస్తూ కారులో నేనొక మాటన్నాను. "పెట్టె కొత్తది కదా, అది తప్పు చెప్పదు" అన్నాను. అంతే. మరుసటి ఆదివారం వల్లీ హాలుకి వచ్చి చెప్పులు విడిచి నేరుగా వంటగదిలోకి వెళ్లింది. అప్పటి నుంచీ అక్కడే. అడిగితే "వయసైంది, దిగింది" అనేది, సామాను పాతబడిందన్నట్టు. ఇరవై తొమ్మిదేళ్లు పక్కన విన్న గొంతు కంటే గడ్డిలోంచి తీసిన సరుకుని నమ్మినవాణ్ణి నేను.

పదిహేను నిమిషాలు గడిచాయి. హాల్లోకి జనం ఒక్కొక్కరే వస్తున్నారు, చలికి శాలువాలు కప్పుకుని. సీడీ సంగతి శ్రవణ్ చెప్పాడు. హైదరాబాదు నుంచి రెండేళ్ల కింద వచ్చి చక్కెర మిల్లులో కంప్యూటర్లు చూసుకునే మనిషి, ఆదివారాలు మా ఇంట్లో పప్పు తినడానికి వస్తాడు. సరుకు పట్టీలు రాసే ప్రోగ్రాం ఉందని పత్రిక నాకు ఇచ్చాడు, సీడీ దానితో వచ్చింది. దాన్లో ఇదొకటి ఉందని ఆడించి చూపించాడు. "ఎంత?" అన్నాను. "ఉచితం అంకుల్." "ఇప్పుడు ఉచితం. నెల పోయాక?" "అప్పుడూ ఉచితమే." "తయారు చేసినవాడు ఏం తింటాడు?" "అది మాత్రం రాయలేదు అంకుల్" అన్నాడు నవ్వుతూ. నేను ఆ షరతుల కాగితం నాలుగుసార్లు చదివాను. వాడుకో, నచ్చినవాళ్లకి ఇచ్చుకో, నాకేమీ వద్దు అని రాసి ఉంది, కింద ఒక పేరు, ఏదో చలిదేశం పేరు. ముప్పై ఏళ్లలో అలాంటి కాగితం నా చేతికి రాలేదు. ఉచ్చు ఎక్కడుందో కనబడదు. చివరికి ఆ మనిషికి మతి లేదనో, లేకపోతే భార్య పాడేదనో సరిపెట్టుకున్నాను.

మొదటి వారం అది చేసిన చప్పుళ్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. దోమ. తర్వాత దుకాణంలో ఐస్‌క్రీం పెట్టె మోటారు. తర్వాత ఒక రకం ఏడుపు, దానికి మా కుక్క బల్ల కిందికి దూరింది. ఒక మీట తిప్పితే రంపంలా కోసేది, ఇంకోటి తిప్పితే దుప్పటి కప్పినట్టు గొంతు మూసేది. రంపం చప్పుడు తీసుకుని దాని మీద దుప్పటి ముప్పాతిక వంతు కప్పితే తంబురాకి దూరపు చుట్టంలా ఒకటి వచ్చింది. దాన్ని షడ్జమంలో ఒకటి, పంచమంలో ఒకటి, పైషడ్జమంలో ఒకటి, మూడూ కలిపి పట్టి ఉంచితే గదిలో గాలి బరువెక్కినట్టయింది. నాలుగో స్వరం పెడితే కంప్యూటరు ఉక్కిరిబిక్కిరై నిలిచిపోయేది, కాబట్టి మూడే. ఉన్న సరుకుతోనే బేరం. చెవి లేకపోయినా నాకొకటి తెలుసు, రీడ్లు, అంటే హార్మోనియంలో పలికే ఇత్తడి నాలుకలు, సరిచేసేవాళ్లందరికీ తెలిసిందే. రెండు శబ్దాలు దగ్గర దగ్గరగా ఉండి కలవకపోతే మధ్యలో వణుకు పుడుతుంది, వావ్ వావ్ వావ్ అని. దగ్గరకొచ్చేకొద్దీ వణుకు నెమ్మదిస్తుంది. కలిసిపోతే ఆగిపోతుంది. దీనికి సంగీతం అక్కర్లేదు, ఓపిక చాలు.

వెనక గదిలో నల్ల పెట్టె గుర్తొచ్చింది అప్పుడే. తిత్తి ఎలుకలు తినేశాయి. స్క్రూడ్రైవరుతో పలక విప్పి ఐదున్నర రీడు ఒక్కటి పీకి, తుప్పు దులపకుండా, పెదాల మధ్య పెట్టి ఊదాను. నోటినిండా ఇత్తడి రుచి, అరవై ఏళ్ల దుమ్ము. పలికింది. కంప్యూటరులో ఐదున్నర పట్టి ఉంచి ఊదుతూ, ఎడమ చేత్తో ఆ ముక్కని కిందికి లాగుతూ పోయాను. వణుకు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. ఐదున్నరకి ముప్పై ఎనిమిది ముక్కలు కింద. తాతగారి పెట్టె శ్రుతే వేరు. ఆ సాయంత్రమే కంప్యూటరు ఇంటికి తెచ్చి వంటింటి పక్క గదిలో పెట్టి, సన్నగా మోగించి, వల్లీ కూర తాలింపు వేస్తూ తనలో తాను ఏదో రాగం తీస్తుంటే తలుపు సందులోంచి విన్నాను. ముప్పై ఎనిమిది. కాస్త అటూ ఇటూ, కానీ ముప్పై ఎనిమిదే. ఆమె గొంతు దిగలేదు. తాతగారి పెట్టె దగ్గర నేర్చుకున్న శ్రుతిని కదలకుండా పట్టుకుని ఉంది, దేశం మారినా, పెట్టె మారినా, తమ్ముడు అరిచినా, మొగుడు కారులో కూసినా. తప్పింది నా సరుకు. ఆ సంగతి వెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు. మూడేళ్ల తప్పుని వంటింట్లో చెప్పి తీర్చుకోవడం చవక బేరం అనిపించింది. అందరి ముందు, హాల్లో, ఆమె శ్రుతిలో ఆమె పాడాక, రీడు జేబులోంచి తీసి సూబ్రాయన్‌కి చూపించి చెబుదామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఘట్టాన్ని పక్క మీద పడుకుని చాలాసార్లు ఆడుకున్నాను, అందులో నేను చాలా బాగుంటాను.

పది నలభై. సూబ్రాయన్ వచ్చాడు, హార్మోనియం చంకన పెట్టుకుని, పొట్ట ముందు నడుస్తుండగా. "ఏయ్ బావా! టీవీ తెచ్చావా? క్రికెట్ చూపిస్తావా దేవుడి ముందు?" అన్నాడు. హాల్లో నవ్వులు. "ఇది శ్రుతి పెట్టె" అన్నాను. కూర్చుని తిత్తి లాగి ఐదున్నర నొక్కాడు, నేను ముప్పై ఎనిమిది దించి పెట్టుకున్న నాది మోగించాను. రెండూ పిల్లుల్లా కొట్టుకున్నాయి. ముందు వరసలో పిల్ల చెవులు మూసుకుంది. "యో, నీది తప్పింది, బావా. దొరల షోకు లాహ్నీ మిషన్ కానీ శ్రుతి లేదు" అన్నాడు. జేబులో రీడు తొడకి గుచ్చుకుంటోంది. తీయొచ్చు. తీయలేదు, ఇంకా వేళ కాలేదు. "సూబ్రా, మొదటి పాటకి నీ పెట్టె మూసెయ్" అన్నాను. వాడి మొహంలో నవ్వు పోయింది. మా హాల్లో హార్మోనియం మూశారంటే ఎవరో పోయారని అర్థం, అప్పుడు తప్ప మూయరు. "నా పెట్టె మూయమంటున్నావా? ఎవరు పాడతారు?" "మొదటి పాట ఎవరిదో నీకు తెలుసు." మా పద్ధతిలో దీపం వెలిగించాక మొదటి పాట హాల్లో పెద్ద గొంతుది, అంటే వల్లీది. మూడేళ్లుగా అది కెస్సీ పాడుతోంది, బలవంతాన, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ఎప్పుడైపోతుందా అని. నిన్న కెస్సీకి ఫోను చేసి రేపు పాడొద్దన్నాను. "అయ్యో మరిది, నీ నోట్లో చక్కెర పొయ్య" అంది. అంటే ఇవాళ వల్లీ రాకపోతే దీపం ముందు నిశ్శబ్దమే. సూబ్రాయన్ వంటగది వైపు చూశాడు. పెళ్లిలో అరిచిన అరుపు వాడికీ గుర్తుందని అప్పుడు తెలిసింది, మూడేళ్లు ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. మెడలో తువ్వాలు తీసి హార్మోనియం మీద పరిచాడు. "నిద్రపుచ్చాను. వావ్ వావ్ మిషన్ ఆగిపోతే మాత్రం నన్ను లేపకు" అన్నాడు, కానీ గొంతు మెత్తగా ఉంది.

పదకొండు. పూజారి దీపం వెలిగించాడు. నేను మూడు స్వరాలూ పట్టాను. హాలంతా ఆ మోత పరుచుకుంది, తెల్లవారుజామున చెరకు తోటల మీద మంచులా. వంటగది తలుపు దగ్గర ఎవరూ లేరు. ఒక నిమిషం. ఎవరో దగ్గారు. నేను తెర వైపే చూస్తున్నాను, ఒక వ్యాపారి ఇంత డొల్ల బేరం ఎలా చేశాడా అని, ఎవరి గొంతునో పెట్టుబడిగా పెట్టి ఆ మనిషినే అడగకుండా. రెండు నిమిషాలు. కెస్సీ నా వైపు కళ్లెర్రజేసింది, నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు గిన్నె కింద పెట్టిన చప్పుడు. వల్లీ వచ్చింది. చేతులకి పిండి ఉంది, కొంగుతో తుడుచుకుంటూ, ఎవరినీ చూడకుండా వచ్చి దీపం పక్కన కూర్చుంది, కుర్చీలో కాదు, నేల మీద. కళ్లు మూసుకుంది. వింటోంది. నేను మోగించినదాన్ని వింటోంది. తర్వాత నోరు తెరవకుండా లోపలే ఒక స్వరం పట్టింది, దీపం దగ్గరి మైకు దాన్ని ఎత్తుకుంది.

వణుకు. వావ్ వావ్ వావ్. ముప్పై ఎనిమిది. కొలిచాను. రీడుతో కొలిచాను, తలుపు సందులో నిలబడి కొలిచాను. కానీ వంటింట్లో తనకోసం తాను తీసిన గొంతు వేరు, మూడేళ్లు పాడకుండా వందమంది ముందు కూర్చున్న గొంతు వేరు. అరవై ఏళ్లకి దగ్గరపడ్డ గొంతు. ఆమె నిజంగానే దిగింది. తాతగారి రీడు కంటే కింద ఉంది. జేబులో ఉన్న నా రుజువు ఇక దేనికీ రుజువు కాదు. సూబ్రాయన్ తల దించుకున్నాడు, కానీ ఈసారి మీదికి రమ్మనలేదు. ఇక ఆమె లేస్తుంది, వంటగదిలోకి వెళుతుంది, ఈసారి తిరిగి రాదు అనుకున్నాను. ఆమె కళ్లు తెరవలేదు. మైకులో, అందరికీ వినబడేలా, ఇంట్లో పొయ్యి మంట తగ్గించమన్నంత మామూలుగా అంది:

"ఏమండీ, ఇంకొంచెం దించండి."

దించాను. నలభై ఐదు. "ఇంకా." యాభై. యాభై మూడు. వణుకు నెమ్మదిస్తోంది. ముందు వరసలో ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తమకి కూడా దించుతారా అన్నట్టు. యాభై తొమ్మిది. అరవై. అరవై ఒకటి. ఆగింది. వణుకు ఆగిపోయి, ఆమె గొంతు ఎక్కడ మొదలైందో నా మిషన్ ఎక్కడ అయిపోయిందో తెలీకుండా పోయింది. వల్లీ మొదటి మాట పలికింది. గొంతు వెనకటిది కాదు. అంచులు అరిగాయి, కింద కొంచెం బొంగురుంది, పైకి వెళ్లినచోట నిలబడకుండా తాకి వచ్చేసింది. ఆ గొంతుకి ఇప్పుడు అరవై ఒకటే చోటు. రెండో చరణంలో సూబ్రాయన్, తువ్వాలు కప్పిన పెట్టె మీద చేతులు పెట్టుకుని, కింద నుంచి వంత అందుకున్నాడు.

ఇక లెక్క. పోయినవి: ఆమె తమ్ముడి ముందు గెలుద్దామనుకున్న పందెం, అందరి ముందు చెబుదామనుకున్న మాట, నేను చాలా బాగుండే ఆ ఘట్టం. ఆమె తప్పు కాదని నిరూపించడానికి వచ్చాను, ఆమెకి నిరూపణ అక్కర్లేకపోయింది. ఐదున్నర నుంచి అరవై ఒక్క ముక్కలు దిగాం, ఇద్దరం. వచ్చినది ఒకటే. మూడేళ్లు నన్నేమీ అడగని మనిషి, వందమంది వింటుండగా, నాకు ఇక్కడ దించు అని అడిగింది. అడిగిన చోట దించే వస్తువు ఆ పూట నా చేతిలో ఉంది.